కందనవోలు నుంచి కడపకు... కొండ నీళ్ల దారిన

కర్నూలు నుంచి కడపకు జాతీయ రహదారి పట్టుకుంటే నాలుగు గంటల్లో చేరిపోవచ్చు. నల్లమల ఘాట్ ఎక్కి, సగిలేరు లోయలో దిగి, లంకమల పక్కగా చుట్టి వెళ్లాలంటే మాత్రం రెండు రోజులు కావాలి. మాఘమాసం చివర్లో నలుగురు మిత్రులం మూడు బైకుల మీద ఆ చుట్టుదారినే పోయాం. కరువు సీమ అని పేరుపడ్డ నేలకు నీళ్లు ఎక్కడి నుంచి దిగి వస్తున్నాయో ఆ దారి పొడవునా కనిపించింది.

చైనుకు కందెన

తెల్లవారుజాము ఐదు గంటలు. కొండారెడ్డి బురుజు దగ్గర వీధి దీపం కింద మా మెకానిక్ మిత్రుడు గొంతుక్కూర్చుని మూడు బండ్ల చైన్లకూ వరసగా ఆయిల్ పెడుతున్నాడు. ఒక చేత్తో వెనక చక్రాన్ని మెల్లగా తిప్పుతూ, రెండో చేత్తో ఒక్కో లింకు మీద ఒక్కో చుక్క. చైన్ లూజు వేలితో నొక్కి చూశాడు. టైర్లలో గాలి చూశాడు. బ్రేకు పెడల్ రెండుసార్లు తొక్కి, తల ఊపాడు.

"ఘాట్ దిగేటప్పుడు ఎవురూ న్యూట్రల్ చేయాకండప్పా. రెండో గేర్లో దిగండి, ఇంజినే బండిని పట్టుకుంటాది" అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

ఈ ఊరి పాత పేరు కందనవోలు. ఆలంపురం గుళ్లకు రాళ్లు మోసుకెళ్లే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన రాసుకునేవని, అందుకే ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. ఆ మాట గుర్తుచేసింది మాలో లెక్కల మాస్టారు. ఇన్ని వందల ఏళ్ల తర్వాత అదే ఊళ్లో మా బండ్లకూ కందెన పడుతోంది. ఇంతకన్నా మంచి శకునం ఏం కావాలి?

నాలుగో మిత్రుడిది మందుల షాపు. అతని సంచిలో కట్టు గుడ్డ, దూది, నొప్పి మాత్రలు, ఉప్పూ పంచదారా కలిపిన పొడి ప్యాకెట్లు. నా సంచిలో మంచినీళ్లు, పాత దుప్పటి, ఒక నోటుపుస్తకం. శివరాత్రికి ఇంకా పది రోజులుంది. శివ శివా అంటూ వెళ్లిపోవాల్సిన చలి అప్పటికి ఇంకా ఊరు వదల్లేదు. మంకీ టోపీల మీద హెల్మెట్లు పెట్టుకుని బయల్దేరాం.

రెండు కొండల నడుమ

కర్నూలు దాటి పాతిక కిలోమీటర్లు రాగానే ఓర్వకల్లు. రాతివనం చూడటానికి వచ్చేవాళ్లకు ఈ ఊరు తెలుసు. ఈ మండలంలోని ఉప్పలపాడు దగ్గరే కుందూ నది పుడుతుందన్న సంగతి మాత్రం అక్కడి బోర్డుల్లో ఎక్కడా కనిపించదు. కుముద్వతి, కుందేరు, కుందూ... ఎలా పిలిచినా అది ఇక్కడ చిన్న వంక. పడమట ఎర్రమల, తూర్పున నల్లమల. ఆ రెంటి నడుమ దక్షిణానికి పారుతూ, రెండు వైపుల వాగులనూ కలుపుకుంటూ, నంద్యాలను ఒరుసుకుని, కడప జిల్లాలో కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. అంటే మేమూ కుందూ దగ్గర దగ్గర్లోనే బయల్దేరి, కడప నేలకే పోతున్నాం. అది తిన్నగా పోతుంది, మేం కొండ మీదుగా పోతాం.

ఈ లోయలో మనుషులు తవ్వుకున్న నీళ్ల దారీ ఒకటుంది. అదే కేసీ కెనాల్. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ 1863లో మొదలుపెట్టి 1870 నాటికి దీన్ని పూర్తిచేసింది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీటిని మళ్లించి కడప దాకా తీసుకెళ్లే ఈ కాలువను సేద్యానికే కాక పడవల కోసం కూడా తవ్వారు. కంపెనీ లెక్కలు కుదరలేదు. 1882లో ప్రభుత్వమే కొనుక్కుంది. పడవలు పోయినా నీళ్లు మిగిలాయి. కర్నూలు మీదుగా నంద్యాల చుట్టుపక్కలకు ఇవాళ్టికీ వరి పచ్చదనం తెచ్చేది ఆ కాలువే.

నంద్యాల చేరేసరికి ఎండ పొద్దు పైకొచ్చింది. నల్లరేగడి చేలల్లో పప్పుశనగ పీకి కుప్పలు వేస్తున్నారు. శనగాకు పులుపు గాలిలో కలిసి ముక్కుకు తగులుతోంది. రోడ్డు పక్క తోపుడుబండి దగ్గర ఆగి ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాం. నానబెట్టి పిండిన బొరుగులు, పైన పుట్నాల పొడి, పక్కన అప్పుడే నూనెలోంచి తీసిన బజ్జి. సీమ పొద్దు ఇలాగే మొదలవ్వాలి. 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాలే జిల్లా కేంద్రం. కర్నూలు జిల్లా అడవిలో పెద్దభాగం ఇప్పుడు దీని కిందికే వచ్చింది.

అడుగు కనిపించే నీళ్లు

నంద్యాల నుంచి నేరుగా ఘాట్ వైపు పోకుండా మహానందికి తిరిగాం. నల్లమల పాదాల దగ్గర, నవనందుల్లో ఒకటైన ఈ క్షేత్రానికి చాలామంది దేవుడి కోసం వస్తారు. మేం నీళ్లను కూడా చూడాలని వచ్చాం.

కోనేటి మెట్ల మీద కూర్చుని కిందికి చూస్తే నీళ్లున్నాయా లేవా అన్నంత తేటగా ఉంటాయి. ఎవరో వేసిన రూపాయి బిళ్ల అడుగున పడి ఉంది. దాని మీది అంకె పైకి కనిపిస్తోంది. మాస్టారు చేతిలోని బిల్వదళం ఒకటి నీళ్ల మీద వదిలాడు. అది మెల్లగా కదిలి, తూము వైపు జరిగి, జారిపోయింది. ఈ నీళ్లు నిలవ నీళ్లు కావు. కొండలోంచి ఊట అస్తమానం వస్తూనే ఉంటుంది, అస్తమానం బయటికి పోతూనే ఉంటుంది. అందుకే కోనేటి మట్టం మారదు. అలా బయటికి పోయిన నీళ్లే ఊరి చుట్టూ అరటి తోటలను పండిస్తున్నాయి.

అరటిపండ్లు అమ్ముతున్న పెద్దావిడను అడిగాం, ఎండాకాలం ఈ నీళ్లు తగ్గుతాయా అని.

"కొండలో చెట్టున్నంత కాలం యాడికి పోతాయి నాయనా?" అంది డజను పండ్లు చేతిలో పెడుతూ.

ఆ మాటనే నోటుపుస్తకంలో మొదట రాసుకున్నాను. వానకాలంలో కురిసిన నీళ్లు వేర్ల పక్కగా, పగుళ్లు బారిన రాతి పొరల్లోకి దిగి, నెలలు గడిచాక ఊటలుగా బయటికి వస్తాయి. చెట్టు లేని గుట్ట మీద పడిన వాన ఒక పూటలో మట్టితో సహా జారిపోతుంది. పుస్తకాల్లో నాలుగు పేజీల్లో చెప్పే ఈ పాఠాన్ని ఆమె ఒక్క ముక్కలో చెప్పింది.

ఇంజిన్ ఆపిన చోట

గాజులపల్లె దాటితే అడవి మొదలవుతుంది. రోడ్డు ఒక్కసారిగా చల్లబడింది. చెట్ల నీడ వల్ల వచ్చిన చల్లదనం అది. రెండు పక్కలా వెదురు పొదలు, టేకు, నల్లమద్ది, ఏగిస, చిరుమాను. మాఘమాసపు నల్లమల వానకాలపు నల్లమలలా ఉండదు. సగం చెట్లు ఆకు రాల్చేశాయి. ఆకుల్లేని కొమ్మల మీద కొండగోగు పసుపు పూలు వెలుగుతున్నాయి. మోదుగ అప్పుడే మొగ్గ విచ్చి, ఎర్రగా అంటుకోబోతున్నట్టుంది. బూరుగ చెట్టు కింద రోడ్డంతా ఎర్రటి పూలు. పూల మీదుగా బండి పోనివ్వడానికి చేతులు రాక పక్కనుంచి పోనిచ్చాం.

మలుపులు మొదలయ్యాయి. లారీలు మొదటి గేరులో మూలుగుతూ ఎక్కుతున్నాయి. మలుపు దగ్గర హారన్ కొట్టడం, ఎదురు బండికి దారివ్వడం, ఎవరినీ ఓవర్‌టేక్ చేయకపోవడం మేం ముందే అనుకున్న కట్టుబాట్లు. అరగంట పోయాక రోడ్డు వెడల్పయిన చోట, కాస్త చదునుగా ఉన్న పక్కకు బండ్లు తీసి ఆపేశాం.

ఇంజిన్లు ఆగాక మొదట వినిపించింది మా బండ్ల చప్పుడే. కాలిన సైలెన్సర్లు చల్లారుతూ టిక్కు టిక్కుమంటున్నాయి. ఆ చప్పుడూ తగ్గాక అడవి ఒక్కొక్కటిగా మాట్లాడటం మొదలుపెట్టింది. ముందుగా టేకాకు. ఎండి రాలేటప్పుడు అది కొమ్మకు తగిలి, ఇంకో కొమ్మకు తగిలి, అప్పడం విరిగినట్టు నేల మీద పడుతుంది. తర్వాత ఎక్కడో వడ్రంగి పిట్ట దెబ్బలు. ఐదారు దెబ్బలు, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ ఐదారు. లోయ అడుగు నుంచి అడవికోడి కూత. మందుల షాపు మిత్రుడు వేలెత్తి పైకి చూపించాడు. నల్లమద్ది కొమ్మ మీద పొడవాటి తోక వేలాడేసుకుని బెట్టుడుత మమ్మల్నే చూస్తోంది. పది నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. రోజూ మందుల చీటీలు చదివి చదివి కళ్లు మండే ఆ మనిషి, "పదేండ్ల కింద రావాల్సింది ఈడికి" అన్నాడు చివరికి.

నంద్యాల, గిద్దలూరు మధ్య ఈ కనుమకు పెద్ద చరిత్రే ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో బ్రిటిష్ వాళ్లు ఈ అడవిలోంచి మీటర్‌గేజ్ రైలు దారి వేశారు. రెండు కొండల నడుమ లోయను దాటడానికి 1884, 1887 మధ్య దొరబావి వంతెన కట్టారు. శతాబ్దానికి పైగా రైళ్లు దాని మీదుగా నడిచాయి. 1990ల్లో ఈ మార్గాన్ని బ్రాడ్‌గేజ్‌గా మార్చినప్పుడు దారి మళ్లించారు. పాత వంతెన స్తంభాలు అడవికి మిగిలాయి. ఆ రాళ్లు మోసినవాళ్ల పేర్లు, జ్వరాలతో పోయినవాళ్ల పేర్లు ఏ స్తంభం మీదా లేవు.

కనుమ మధ్యలో సర్వనరసింహస్వామి గుడి ఉంది. ఈ దారిలో పోయే లారీ డ్రైవర్లు ఇక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టి పోతారు. మేమూ ఆగాం. టీ తాగుతుంటే గొర్రెల కాపరి పెద్దాయన పక్కన వచ్చి కూర్చున్నాడు.

"ఏమప్పా, యాడికి పోతాండారు?"

"కడపకు తాతా."

"కడపకు ఈ దారేంది? ఆ పక్క పెద్ద రోడ్డుండంగ."

"చూసుకుంటా పోదామని."

"చూసుకుంటా పోండి. పొద్దు గూకకముందే దిగిపోండి మల్ల. ఇది మన ఇల్లు గాదు."

ఆయన మాట ఊరికే అన్నది కాదు. 2024 జూన్‌లో ఈ ఘాట్ దారిలోనే పచ్చర్ల దగ్గర కట్టెల కోసం అడవికి వెళ్లిన ఒక మహిళను చిరుతపులి చంపింది. తరతరాలుగా అడవి అంచున బతికేవాళ్లకు అడవి అందంగానూ ఉంటుంది, ప్రాణభయంగానూ ఉంటుంది. సెలవు రోజు వచ్చి పోయే మనకు ఆ రెండో సంగతి గుర్తుండదు. ఉత్తరాన గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం, ఆ పైన 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అడవి. దక్షిణాన లంకమల, శేషాచలం దాకా కొండ తర్వాత కొండగా సాగే అడవి పట్టీ. పులి ఒక కొండ నుంచి ఇంకో కొండకు నడిచిపోయే దారి ఇది. మన రోడ్డు దాని దారికి అడ్డంగా వేసుకున్నాం. అందుకే ఈ దారికి ఉత్తరాన ఉన్న ఆత్మకూరు-దోర్నాల అడవి రోడ్డును రాత్రి తొమ్మిది నుంచి మూసేస్తారు.

స్వామికి దండం పెట్టుకుంటుంటే మాస్టారు అహోబిలం సంగతి ఎత్తాడు. ఇదే కొండ వరసలో దక్షిణాన ఉన్న అహోబిల నరసింహుడు కనుమ పండగ నాడు పల్లకీలో బయల్దేరతాడు. ఫాల్గుణంలో జరిగే తన పెళ్లికి రమ్మని ముప్పైకి పైగా పల్లెలు తిరిగి, నలభై రోజులకు మించి ఊళ్లలోనే ఉండి జనాన్ని పిలుస్తాడు. దాన్నే పారువేట అంటారు. చెంచులు ఆయన్ను తమ అల్లుడిగా చెప్పుకుంటారు. అంటే మేం తిరుగుతున్న ఈ చలికాలపు చివరి రోజుల్లో దేవుడు కూడా ఈ కొండల కింద ఊరూరా తిరుగుతూనే ఉన్నాడు. ఊరు ఊరికీ, అడవి ఊరికీ చుట్టమన్న మాటను ఇంత అందంగా చెప్పే పండగ నాకు ఇంకొకటి తెలియదు.

నీటి బొట్టు ఎటు పోతుంది?

ఘాట్ పైన మాస్టారు ఒక లెక్క చెప్పాడు. ఈ గట్టు మీద వాన పడితే పడమటికి జారిన బొట్టు కుందూలోకి పోతుంది. ఉత్తరపు వాలులో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పడిన బొట్టు గుండ్లకమ్మగా మారి, తూర్పున తనంతట తానే సముద్రంలో కలుస్తుంది. గిద్దలూరు వైపు జారిన బొట్టు సగిలేరు పట్టుకుని దక్షిణానికి మళ్లి పెన్నను చేరుతుంది. పక్కపక్కనే పడిన మూడు బొట్లు మూడు దారుల్లో పోయి మూడు తావుల్లో పంటలు పండిస్తాయి. ఈ కొండ మీద చెట్టు కొడితే దెబ్బ ఒక్క ఊరికి కాదు, మూడు లోయలకు తగులుతుంది.

దిగువమెట్ట దగ్గర అడవి దిగి గిద్దలూరు చేరాం. అక్కడి నుంచి దక్షిణానికి మళ్లితే సగిలేరు లోయ. కుడి చేతి వైపు నల్లమల, ఎడమ చేతి వైపు వెలిగొండలు. నడుమ పొగాకు, మిరప, కంది చేలు, మధ్య మధ్య బీళ్లు. మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటోంది. అడవిలో తొడిగిన స్వెటర్లు విప్పి బండి వెనక కట్టేశాం. సీమలో చలికాలం ఉదయానికే పరిమితం. సాయంత్రానికి పోరుమామిళ్ల చేరాం.

1369 నాటి ఇంజినీరింగు పాఠం

ఆ రాత్రి మెకానిక్ మిత్రుడి పెద్దమ్మ ఇంట్లో రాగి సంగటి, నాటుకోడి పులుసు, శనక్కాయల ఊరుబిండి. ఆరుబయట మంచాలు వేసిచ్చింది. "చెరువు నిండిన ఏడు మా ఊర్లో పెండ్లిండ్లు ఎక్కువ నాయనా, ఎండిన ఏడు బెంగుళూరు బస్సులు ఎక్కువ" అంది. సీమ గురించి ఏ నివేదికా అంత సూటిగా చెప్పలేదు.

పొద్దున్నే ఆ చెరువు చూడటానికి పోయాం. కొండల మధ్య ఖాళీలను కట్టలతో పూడ్చి, మాలదేవి ఏటి నీటిని నిలబెట్టిన చెరువు ఇది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి నుంచి ఏలిన భాస్కరుడు, అనంతరాజసాగరం అనే పేరుతో దీన్ని కట్టించాడు. 1369 నాటి సంస్కృత శాసనాన్ని రెండు పలకల మీద చెక్కించి, భైరవుడి గుడి ముందు నిలిపారు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పనిచేస్తే చెరువు తయారైందని అది చెబుతుంది.

ఆ శాసనం గొప్పదనం రాజును పొగడటంలో లేదు. మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలని అది వరసగా చెబుతుంది. ధర్మం తెలిసిన పాలకుడు, నీటి శాస్త్రం చదివినవాడు, గట్టి నేల, దూరం నుంచి పారి వచ్చే తియ్యటి నీటి నది, కట్టను ఆనుకునే కొండ, రాతితో బిగించిన కట్ట, లోతూ వెడల్పూ ఉన్న గర్భం, దగ్గర్లో రాళ్ల గని, పని తెలిసిన కూలీలు... ఇలా సాగుతుంది. ఆ తర్వాత ఆరు దోషాలు. కట్ట నుంచి నీరు కారడం, చౌడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో కట్టడం, చెరువు మధ్యలో మిట్ట ఉండటం, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం.

ఇవాళ్టి ప్రాజెక్టు గొడవలను ఈ ఆరింటి పక్కన పెట్టి చూడండి. రెండు రాష్ట్రాల మధ్య నీళ్ల తగాదా మూడో దోషం. ఉన్న నీళ్లకు మించి ఆయకట్టు చూపించడం ఐదో దోషం. ఆరున్నర శతాబ్దాల కిందటే రాతి మీద చెక్కి పెట్టిన హెచ్చరికను మనం దారిలో ఆగి చదవడం మానేశాం, అంతే. కట్ట మీద నిలబడితే నీళ్ల అవతల నల్లమల నీలంగా కనిపిస్తుంది. చెరువుకు కొండ తోడుండాలని ఆ రోజుల్లో ఎందుకు రాశారో చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

పొదల్లో దాగిన పక్షి

బద్వేలు దాటి సిద్ధవటం వైపు తిరిగాక అడవి తీరు మారిపోతుంది. నల్లమల ఎత్తయిన చెట్లు లేవు. రేగు, తుమ్మ, కలే పొదలు, వాటి మధ్య గులకరాళ్ల నేల. పైన కొండ వాలులో ఎర్రచందనం. ఈ చెట్టు ప్రపంచంలో ఇంకెక్కడా ఇంత సహజంగా పెరగదు. కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు, ప్రకాశం కొండలే దాని పుట్టిల్లు. నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువైన చేవ దానిది. ఆ చేవ కోసమే గొడ్డళ్లు రాత్రుళ్లు ఈ కొండలెక్కుతున్నాయి. 1995 నుంచి అరుదైన జీవజాతుల వాణిజ్యాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం రక్షణ ఉన్నా దొంగరవాణా ఆగలేదు.

ఈ పొదలకు ఇంకో కథ ఉంది. దాని పేరు కలివికోడి. 1848లో సైనిక వైద్యుడు థామస్ జెర్డాన్ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. ప్రపంచం దీన్ని అంతరించిన పక్షుల లెక్కలో వేసేసింది. 1986 జనవరిలో, ఒక చలి రాత్రి, లంకమల కింద రెడ్డిపల్లి దగ్గర స్థానిక వేటగాడు ఐతన్న టార్చిలైటు వెలుగులో ఒక పక్షిని పట్టుకున్నాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున దాని కోసం గాలిస్తున్న భరత్ భూషణ్‌కు అందించాడు. ఎనభై ఆరేళ్ల తర్వాత కలివికోడి బతికే ఉందని లోకానికి తెలిసింది. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ వంటి పెద్దాయన దాన్ని చూడటానికి ఇంత దూరం వచ్చాడు. ఆయన వచ్చేలోపే ఆ పక్షి చనిపోయింది.

శాస్త్రవేత్తలకు ఎనభై ఆరేళ్లు కనిపించనిదాన్ని ఈ నేల మనిషి ఎలా పట్టుకోగలిగాడు? పక్షిని అతను పుస్తకంలో చూడలేదు, పొదలో చూశాడు. అది రాత్రి పూట తిరుగుతుందని, ఎగరకుండా పొదల మధ్య పరుగెత్తుతుందని అతనికి తెలుసు. అడవిని కాపాడే పనిలో అడవి పక్క మనిషిని పక్కన పెడితే ఏం పోగొట్టుకుంటామో ఈ ఒక్క సంఘటన చెబుతుంది.

ఆ పక్షి కోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లను వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల మీదుగా మద్రాసు దాకా తీసుకెళ్లే తెలుగుగంగ కాలువ ఈ పొదల మీదుగా రావాల్సి వచ్చినప్పుడు, కాలువ దారినే మార్చారు. పిడికెడు పక్షి కోసం కోట్ల రూపాయల కాలువ పక్కకు జరిగిన చోటిది. నీళ్లూ కావాలి, పక్షీ కావాలి అనుకుంటే రెండూ సాధ్యమేనని నిరూపించిన చోటు కూడా.

పొద్దు గూకే వేళకు అభయారణ్యం బయట, రోడ్డు పక్కన బండ్లు ఆపి కాసేపు నిలబడ్డాం. సంధ్య వాలాక కొద్దిసేపే కలివికోడి పిలుస్తుందని చదివాం. మాకు వినిపించలేదు. కీచురాళ్లు, దూరంగా నక్క, ఇంటికి తోలుకెళ్తున్న మేకల మెడ గంటలు. అయినా ఎవరికీ నిరాశ కలగలేదు. మనకు కనిపించకుండా, మన కోసం కాకుండా, తన మానాన తాను బతికే ప్రాణి ఒకటి ఆ పొదల్లో ఉందన్న తలపే మా నలుగురికీ చాలింది.

పెన్న ఒడ్డున

సిద్ధవటం చేరేసరికి చీకటి పడింది. మట్లి రాజుల రాతి కోట ఒడ్డు మీద నల్లగా నిలబడి ఉంది. కింద పెన్న. ఇసుక మేటల మధ్య సన్నని పాయలుగా పారుతోంది. కమలాపురం దగ్గర కలిసిన కుందూ నీళ్లు ఇందులో ఉన్నాయి. ఈ ఊరు దాటాక సగిలేరు వచ్చి కలుస్తుంది. నల్లమల గట్టు మీద విడిపోయిన రెండు బొట్లు మళ్లీ ఒక్కటయ్యేది పెన్నలోనే. మా మూడు బైకులూ రెండు రోజులు ఆ రెండు బొట్ల వెంటే వచ్చాయి. అక్కడి నుంచి కడప అరగంట దారి. రాత్రి కారం దోసె తిని నిద్రపోయాం.

సీమను తలచుకుంటే బండలు, బీళ్లు, ఎండిన బోర్లే చాలామంది కళ్ల ముందు మెదులుతాయి. అవి అబద్ధం కాదు. అయితే మహానంది ఊట, పోరుమామిళ్ల చెరువు, కేసీ కెనాల్ కింద వరి, లంకమల పొదలో కలివికోడి కూడా ఈ సీమవే. వీటన్నిటికీ తలాపున అడవి ఉంది. అది ఉన్నంత కాలమే మిగతావి ఉంటాయి.

మీరూ వెళ్లాలనుకుంటే...

దారి: కర్నూలు - నంద్యాల - మహానంది - గాజులపల్లె - గిద్దలూరు - పోరుమామిళ్ల - బద్వేలు - సిద్ధవటం - కడప. మొత్తం సుమారు 280 కిలోమీటర్లు. తొందర లేకుండా రెండు రోజులు పెట్టుకోండి.

కాలం: సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా బాగుంటుంది. ఫాల్గుణం దాటితే ఎండ తట్టుకోలేరు. అడవికి నిప్పు అంటుకునే రోజులూ అప్పుడే మొదలవుతాయి.

బండి: చైన్, బ్రేకులు, టైర్లు ముందే చూపించుకోండి. ఘాట్‌కు ముందే పెట్రోలు నింపుకోండి. దిగేటప్పుడు బండి గేరులోనే ఉండాలి. వెనక కూర్చునేవాళ్లకు కూడా హెల్మెట్ ఉండాలి.

అడవి: పగలే దాటండి. రోడ్డు వదిలి లోపలికి పోవద్దు. అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టవద్దు. కోతులకు తిండి వేయవద్దు. వేస్తే అవి రోడ్డు మీదికి వచ్చి చక్రాల కింద పడతాయి.

చివరగా ఒక్క మాట. మేం వెళ్లిన రోజుల్లో ఘాట్ పొడవునా అటవీ సిబ్బంది ఎండుటాకులు ఊడ్చి, నిప్పు పాకకుండా ఫైర్‌లైన్లు తీస్తున్నారు. ఎండలో, చీపుర్లతో, కిలోమీటర్ల కొద్దీ. ఆర్పకుండా విసిరిన ఒక్క బీడీ ముక్క వాళ్ల నెలరోజుల కష్టాన్ని బూడిద చేస్తుంది. దయచేసి ఆ దారిలో అగ్గిపుల్ల గీయకండి. తాగిన నీళ్ల సీసా మీ సంచిలోనే తిరిగి తెచ్చుకోండి.